వీపు సముద్రానికి, చూపు పడమటికి

నా బతుకంతా వెలుతురుతోనే గడిచింది. మద్రాసులో కోడంబాకం, వడపళని స్టూడియోల్లో కెమెరా విభాగంలో సహాయకుడిగా చేరి, అక్కడే తల నెరిసినవాణ్ణి. 'మాయాబజార్' కోసం మార్కస్ బార్ట్లీ వెన్నెల పుట్టించిన తీరును మా పెద్దలు కథలుగా చెప్పేవారు. తెలుగు పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయినా నేను ఈ ఊరు వదల్లేదు. సాయంత్రమంటే మాకు మేజిక్ అవర్. మీటరు పట్టుకుని పొద్దును కొలిచేవాళ్ళం, ఎన్ని షాట్లు మిగిలాయో లెక్కపెట్టుకునేవాళ్ళం. అలా ఏళ్ళ తరబడి పొద్దును కొలిచానే గాని చూడలేదు. పని మానుకున్నాకే మెరీనా ఇసుకలో తీరిగ్గా కూర్చుని చూడటం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసినవి ఇవి. వినే పిల్లలు ఇంకా ఉన్నారన్న నమ్మకంతో రాస్తున్నాను.

1. మద్రాసులో పొద్దు సముద్రంలో వాలదు.

ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు సాయంత్రం మెరీనాకు వచ్చి నీళ్ళకేసి చూస్తారు. సూర్యుడు అటు ఉండడు. మన తెలుగు తీరమూ అంతే. విశాఖ, కాకినాడ, బందరు, అన్నీ తూర్పుకే తిరిగి ఉన్నాయి. ప్రేమికులు విడిపోయే పాటకు సముద్రం మీద అస్తమయం కావాలంటే మేం తెల్లవారుజామున యూనిట్‌ను లేపి, ఉదయించే సూర్యుణ్ణి పట్టి, దాన్నే సాయంత్రమని చూపించేవాళ్ళం. బింబం పైకి లేవడం కనబడితే గుట్టు రట్టవుతుందని షాటు పొట్టిగా కోసేవాళ్ళం. హాల్లో జనం ఆ ఉదయానికి కళ్ళు తుడుచుకున్నారు.

అసలు అస్తమయం చూడాలంటే ఇక్కడ వీపు సముద్రానికి పెట్టి కూర్చోవాలి. కామరాజర్ సాలై మీద బస్సులు, ప్రెసిడెన్సీ కళాశాల గుమ్మటం, దాని వెనక తిరువల్లిక్కేణి ఇళ్ళు, వాటి వెనక మనం పొద్దున బయల్దేరి వచ్చిన వీధులు. పొద్దు వాలేది వాటి మీదే. సముద్రం వైపు చూసేవాడికి అన్నీ మరిచిపోవాలనిపిస్తుంది. ఊరి వైపు చూసేవాడికి ఆ రోజు ఎవరితో ఏం మాట్లాడాడో, ఎక్కడ ఏ పని సగంలో వదిలాడో గుర్తుకొస్తాయి. ఆలోచించుకోవడానికి కూర్చునేవాడికి ఈ రెండోదే కావాలి. నీటి మీద పొద్దు చూడాలన్న సరదా ఉంటే సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే దారిలో పులికాట్ సరస్సు మధ్య ఆగి పడమటికి చూడండి. అదీ చూడదగ్గదే.

2. పొద్దు రోజూ ఒకే చోట వాలదు.

ప్రెసిడెన్సీ ఎదుట ఇసుకలో కూర్చుంటే ధనుర్మాసంలో సూర్యుడు ఎడమకు, వివేకానందర్ ఇల్లం వైపుకు జరుగుతాడు. ఆషాఢానికి కుడివైపు, సెనేట్ హౌస్ దిక్కుకు వస్తాడు. ఉత్తరాయణం, దక్షిణాయనం పంచాంగంలో చదవడం వేరు, కూర్చున్న చోటు మార్చకుండా కంటితో పట్టుకోవడం వేరు. ఏడాదిపాటు ఒకే చోట కూర్చోండి చాలు.

3. ఎర్రగా ఉన్నదల్లా అందం కాదు.

భోగినాడు ఊరంతా పొగ. సూర్యుడు కళాయి పోయిన రాగిచెంబులా వేలాడుతుంటాడు. ఆ ఎరుపుకు జనం ఫోటోలు తీసుకుంటారు. వెలుతురు తెలిసినవాడికి అది చచ్చిన వెలుతురు. నవంబరులో ఈశాన్య రుతుపవనం వాన కురిసి వెలిసిన సాయంత్రం చూడండి. గాలి కడిగినట్టుంటుంది, పైన పల్చటి మబ్బుంటే నారింజ రంగు నడినెత్తి దాకా పాకుతుంది. వాలే పొద్దు వెలుగు చాలా మందమైన గాలిపొర దాటి రావాలి, దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఎందుకంటే పొద్దు వాలే ఆ ప్రెసిడెన్సీలోనే 1907లో ఎం.ఏ. పూర్తి చేసిన సి.వి.రామన్, తర్వాత సముద్రం నీలానికి కారణం వెతికి, కాంతి చెదరడంలోని రహస్యాన్ని 1928లో పట్టాడు. ఆయన అన్న కొడుకు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ అక్కడే 1930లో పట్టా పుచ్చుకుని, వెలుగు వాతావరణంలో ఎలా ప్రయాణిస్తుందో గణితంలో తేల్చాడు.

ఈ ఊరు ఆకుపచ్చ సూర్యుణ్ణి కూడా చూసింది. 1883 ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతం పేలాక, సెప్టెంబరులో మద్రాసు ఆకాశంలో సూర్యుడు పచ్చగా కనబడ్డాడు. క్రిస్టియన్ కాలేజీ ఆచార్యుడు మిచీ స్మిత్ ఆ వెలుగును వర్ణపటంలో పరిశీలించాడు. ఎక్కడో లేచిన దుమ్ము ఇక్కడి సూర్యుడి రంగు మార్చింది. ఆ రోజు మీ మనసు ఎర్రబడి ఉంటే, కారణం ఎదురుగా ఉన్న మనిషేనా, ఇంకెక్కడి దుమ్మో ఒకసారి చూసుకోండి. నేను చూసుకోలేదు.

4. వెలుతురు పోతున్నప్పుడు నోరు జారుతుంది.

చెంజి కోట దగ్గర అవుట్‌డోర్. నాయిక మెట్లు దిగుతూ రావాలి. పొద్దు కోటగోడ మీద నుంచి జారిపోతోంది, అది దొరక్కపోతే మర్నాటి కాల్‌షీట్ లేదు. ఒక కుర్రాడు వెండికాగితం అంటించిన రిఫ్లెక్టరు పట్టుకుని నిలబడ్డాడు. షాటు మధ్యలో ఆమె మొహం మీద వెలుగు తగ్గింది. "కట్" వినబడగానే యూనిట్ అంతా వినేలా నేను ఆ కుర్రాడి మీద విరుచుకుపడ్డాను. పనితనాన్ని తిట్టి ఊరుకోలేదు, వాళ్ళమ్మను కూడా లాగి మాట్లాడాను. "సార్, నేను కదల్లేదు" అన్నాడు, ఒక్కసారే. రేపట్నుంచి వాణ్ణి పిలవొద్దని మేనేజరుకు చెప్పాను.

కొన్నాళ్ళకు రష్, అంటే కడిగి వచ్చిన ఫిల్ము, వేసి చూశాం. ఆమె మొహం మీదే కాదు, వెనక కోటగోడ మీద కూడా అదే క్షణంలో వెలుగు తగ్గింది. రిఫ్లెక్టరు కదిలితే మొహమొక్కటే మసకబారాలి. గోడ కూడా మసకబారిందంటే పల్చటి మబ్బు అడ్డొచ్చిందన్నమాట. మీటరు నా చేతిలో ఉంది, ఆకాశం చూడాల్సింది నేను. థియేటరు చీకట్లో నోరు మెదపలేదు. తర్వాత అతని కోసం వడపళనిలో అడిగాను, పని మానేసి ఊరికి వెళ్ళిపోయాడన్నారు. అంతకు మించి వెతకలేదు. వెతికి ఉండాల్సింది.

ఆ సాయంత్రం ప్యాకప్ చెప్పాక కూడా పడమట వెలుగు చాలాసేపుంది. మేం పెట్టెలు సర్దుకుంటున్నాం. ఆ మెట్ల మీద కాసేపు ఊరికే కూర్చుని ఉంటే, అతనన్న మాట నా చెవిలో మళ్ళీ వినబడేది. మబ్బు సంగతి తట్టేది. అతనింకా పదడుగుల దూరంలోనే ఉన్నాడు. అందుకే చెబుతున్నాను నాయనా, ఆ రోజు ఎవర్ని నొప్పించారో ఆ వెలుగు ఉండగానే గుర్తుచేసుకోండి, ఆ రాత్రికే ఫోన్ చేయండి. రష్ వచ్చేదాకా ఆగితే మనిషి దొరకడు.

5. కనబడుతున్నాడంటే ఉన్నాడని కాదు.

అంచును తాకుతూ కనబడే సూర్యుడు నిజానికి అప్పటికే దిగిపోయి ఉంటాడు. గాలిపొరలు వెలుగును వంచి ఇంకాసేపు చూపిస్తాయి, అంతే. మనుషుల విషయంలో ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

నాకు పని నేర్పిన కెమెరామన్‌కు ముసలితనంలో చూపు పోయింది. సాయంత్రాలు బీచికి తీసుకెళ్ళమని అడిగేవారు. కొన్నిసార్లు తీసుకెళ్ళాను. ఆయన పడమటికి మొహం పెట్టి, చెంపల మీద పడే వేడిని బట్టి "ఇప్పుడు ఫైవ్ పాయింట్ సిక్స్ ఉంటుందా?" అని లెన్సు ఎపర్చరు లెక్క కట్టేవారు. కాసేపాగి, "ఫోర్‌కు దిగిందిరా" అనేవారు. నా కన్నూ అదే చెప్పేది. ఆయన తప్పింది నేను చూడలేదు. అయినా షూటింగని, డబ్బింగని వంకలు చెప్పి తప్పించుకున్న సాయంత్రాలే ఎక్కువ. గొంతు అలాగే ఖంగుమంటుండేది గనుక ఇంకా చాలాకాలం ఉంటారనుకున్నాను.

6. పొద్దు వాలాక తూర్పుకు తిరగాలి.

బింబం మునగ్గానే జనం లేచి పోతారు. మీరు సముద్రం వైపు తిరగండి. నీటి అంచున బూడిద కలిసిన నీలిపట్టీ ఒకటి లేస్తుంది, దాని మీద గులాబీ రంగు జీర. ఆ నీలిపట్టీ భూమి నీడ. మనం నిలబడ్డ నేల తన నీడను ఆకాశం మీద వేసుకుంటుంటే కంటితో చూస్తాం. ఇది చూడటానికి తూర్పు తీరాన్ని మించిన చోటు లేదు, అడ్డంగా ఇల్లూ చెట్టూ ఉండవు. పౌర్ణమినాడైతే ఇంచుమించు అదే వేళకు చంద్రుడు నీళ్ళలోంచి లేస్తాడు. స్టూడియోలో వెన్నెల కోసం లైట్లకు నీలికాగితాలు కట్టిన నాకు, ఇది ఎదురుగా ఉండి ఇన్నాళ్ళూ కనబడకపోవడం ఇప్పటికీ బాధే.

7. ఒక్కరే వెళ్ళకండి.

ఒంటరిగా కూర్చుంటేనే ఆలోచన సాగుతుందని నేనూ అనుకునేవాణ్ణి. మా గురువుగారి పక్కన కూర్చున్న ఆ కొద్ది సాయంత్రాల్లో నన్ను నేను చూసుకున్నంతగా ఇంకెప్పుడూ చూసుకోలేదు. ఇంట్లో కాళ్ళు సాగని పెద్దవాళ్ళుంటే వెంట పెట్టుకెళ్ళండి. ఇసుకలో నడవలేరన్న వంక ఇప్పుడు లేదు. వివేకానందర్ ఇల్లం ఎదుట 2022లో చెక్కదారి వేశారు, చక్రాల కుర్చీ నీళ్ళ దగ్గరిదాకా వెళ్తుంది. జూలై మొదట్లో 6:40 దాకా వ్యవధి ఉంటుంది, నవంబరు నెలాఖరుకు 5:40కే పొద్దు పోతుంది. ఆ నెలలో వాన వెలిసిన రోజున ఆఫీసులో గంట ముందు అడిగి బయటపడండి.