చెకుముకి కొండల్లో రెండువందల మైళ్ళు

సైకిలు లేని ఊరంటూ మనకు లేదు. పాల క్యాన్లు మోసేదీ, పొలానికి ఎరువు బస్తా చేర్చేదీ, పిల్లలు హైస్కూలుకు పోయేదీ దాని మీదే. ఆ సైకిలు మీద ఒక్క రోజులో 200 మైళ్ళు, అనగా సుమారు 322 కిలోమీటర్లు, అదీ కంకర బాటల మీద తొక్కే పందెం ఒకటుంది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియా అనే చిన్న పట్టణంలో 2006లో 34 మందితో మొదలైంది. అప్పుడు దాని పేరు డర్టీ కాంజా. ఇప్పుడు అన్‌బౌండ్ గ్రావెల్. నేడు వేలమంది వస్తున్నారు. చోటు కోసం నెలల ముందే లాటరీ తీస్తారు. ఆ లాటరీలో పేరు వచ్చిన మామూలు మనిషి పందెం నాటికి తన ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ముందు నేల సంగతి. ఎంపోరియా చుట్టూ ఉన్న గుట్టల పేరు ఫ్లింట్ హిల్స్. ఫ్లింట్ అంటే మన చెకుముకి రాయి. సున్నపురాతి పొరల మధ్య ఈ రాయి ఉండటంవల్ల అక్కడ నాగలి దిగలేదు. ఒకప్పుడు అమెరికా మధ్యభాగమంతా పరుచుకుని ఉన్న పొడుగు గడ్డి మైదానాల్లో నేటికి మిగిలింది నూటికి నాలుగు పాళ్ళ లోపే. అందులో ఎక్కువ భాగం ఇక్కడే. దున్నటానికి పనికిరాక బతికిపోయిన గడ్డి అన్నమాట! రైతుబిడ్డను కనుక పందెం కంటే ముందు నాకు ఈ సంగతే పట్టింది.

నాగలిని ఆపిన రాయి టైరును ఊరికే వదులుతుందా? పగిలిన చెకుముకి అంచు కత్తిలా కోస్తుంది. అందుకని 40 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, ట్యూబు లేకుండా, లోపల రబ్బరు పాల వంటి ద్రవం పోసి వాడతారు. చిన్న బెజ్జం పడితే ఆ ద్రవమే పూడుస్తుంది. గాలి కూడా గట్టిగా కొట్టరు. గట్టి టైరు ప్రతి రాయికీ ఎగిరిపడుతుంది; ముందుకు పోవలసిన శక్తి కాస్తా మీదికి పోతుంది. మెత్తని టైరు రాయిని తనలోకి నొక్కుకుని సాగిపోతుంది. ఇనప పట్టా చక్రాల బండికీ టైరు బండికీ తేడా ఎరిగినవాళ్ళకు ఇంతకన్నా చెప్పనక్కరలేదు. వాన పడితే అదీ లేదు. 2023 పందెంలో మొదట్లోనే బురద తగిలి, చక్రాలు తిరగక, ఎందరో సైకిలు భుజాన వేసుకుని నడిచారు.

ఇక అసలు లెక్క. మామూలు మనిషి ఈ దూరాన్ని 16 గంటల్లో తొక్కుతాడనుకుందాం. సగటు సామర్థ్యం 130 వాట్లు అనుకుంటే, చేసిన పని దాదాపు 7,500 కిలోజౌళ్ళు. కండరం దక్షత నూటికి ఇరవైనాలుగో ఎంతో మాత్రమే, మిగిలింది వేడి. అందుచేత దాదాపు 7,500 కిలోకాలరీలు ఖర్చు. మరి నిలవ ఎంత? కండరాల్లో, కాలేయంలో కలిపి గ్లైకోజెన్ సుమారు 500 గ్రాములు, అంటే 2,000 కిలోకాలరీలు. పేగు గంటకు 60 గ్రాముల గ్లూకోజుకు మించి రక్తంలోకి పంపలేదు. ఫ్రక్టోజుకు వేరే దారి ఉంది కనుక రెండూ కలిపి తింటే గంటకు 90 గ్రాముల దాకా పోతుంది. మన బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే. పేగులో అది సరిగ్గా ఈ రెండుగానే విడిపోతుంది! ఇంకా తక్కువ పడిందంతా కొవ్వు ఇవ్వాలి. కొవ్వుకు కొదవ లేదు గాని అది నిదానంగా కాలుతుంది. తొందరపడి తొక్కేవాడికి అందదు.

ఈ లెక్క నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మొన్న వేసవిలో సాగర్ కాలవ గట్టు మీద పోనూ రానూ 100 కిలోమీటర్లు తొక్కుదామని బయల్దేరాను. పొద్దున్నే టీ తాగి, ఏమీ తినకుండా, ఊపు మీద తొక్కాను. 65వ కిలోమీటరు దగ్గర చేతులు వణికాయి, కళ్ళు మసకలు కమ్మాయి. గట్టు మీద తుమ్మచెట్టు కింద కూలబడ్డాను. గొర్రెలు తోలుకొచ్చిన పెద్దాయన ఒకడు చూసి, "ఏమబ్బాయ్, పొద్దున ఏం తిన్లేదా?" అన్నాడు. తన సద్దిలోంచి ఇంత అన్నం, ఉల్లిపాయా పెట్టాడు. అరగంటకు మనిషినయ్యాను. నేను నెలరోజులు పుస్తకాల్లో వెతికిన జబ్బును ఆయన మొహం చూసి చెప్పేశాడు.

మరి శిక్షణ అంటే ఏమిటి? ఎక్కువగా నిదానంగా తొక్కటమే. తొక్కుతూ పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, అంత నిదానం. దీనివల్ల కండరాల్లో మైటోకాండ్రియా పెరుగుతాయి, రక్తకేశనాళికలు దట్టమవుతాయి, అదే వేగంలో కొవ్వు ఎక్కువగా, గ్లైకోజెన్ తక్కువగా ఖర్చవుతుంది. రక్తంలో ప్లాస్మా రెండు వారాల్లోనే హెచ్చుతుంది, మైటోకాండ్రియాకు వారాలు పడుతుంది, స్నాయువులకు ఇంకా ఎక్కువ. గుండె సిద్ధమైనా మోకాలు సిద్ధం కాని దశ ఒకటుంటుంది. చాలామంది అక్కడే చెడతారు. కోడెకు కాడి అలవాటు చేసేటప్పుడు మొదటి రోజే నాగలి కట్టరు గదా! ముందు వట్టి కాడి, తర్వాత చిన్న దుంగ, ఆ తర్వాతే దుక్కి. ఐదారు నెలలు, వారానికి ఎనిమిది పది గంటలు. వారంలో ఒక్కరోజు గట్టిగా, ఒక్కరోజు దూరం. ఆ దూరం మూడు గంటలతో మొదలై మెల్లగా ఎనిమిదికి చేరాలి. నాలుగో వారం తగ్గించాలి, ఎందుకంటే కండరం బలపడేది తొక్కేటప్పుడు కాదు, పడుకున్నప్పుడు. తినటం కూడా అలవాటు చేసుకోవలసిందే. అలవాటు లేని కడుపు ఎగుడుదిగుడు బాటలో గంటకు 90 గ్రాములు అరిగించుకోలేక తిరగబడుతుంది. ఎండలో గంటకు లీటరు చెమట పోవచ్చు. ఉప్పు లేకుండా నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వస్తుంది.

పందెం రోజున చెడగొట్టేది మొదటి గంట. గాలిని చీల్చటానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల నుంచి 25కి పెంచితే గాలికే దాదాపు రెట్టింపు చెల్లించాలి. కాన్సాస్‌లో ఎదురుగాలి సరేసరి. నిర్ణీత స్థానాల్లో తప్ప బయటి సాయం తీసుకోకూడదు. పొద్దు గూకేలోగా గీత దాటటం అక్కడ ఒక గౌరవం. జూన్ మొదట్లో ఆ ఊళ్ళో పగలు పద్నాలుగున్నర గంటల పైమాటే అయినా, చాలామందికి చీకటిలో దీపం తప్పదు.

కాన్సాస్‌కు వెళ్ళే డబ్బు నా దగ్గర లేదు. హైదరాబాదులో వచ్చే శీతాకాలం 200 కిలోమీటర్ల బ్రెవేకు మాత్రం పేరిచ్చాను. అది తారురోడ్డు, పందెం కూడా కాదు. 13 గంటల 30 నిమిషాల్లో ముగిస్తే చాలు. పేరిచ్చిన రోజే గోడకు కాగితం అంటించి వారాలు రాసుకున్నాను. పరీక్షల వారం ఒకటి పోయింది, జ్వరంతో ఇంకొకటి. ఆదివారం దూరం 110 కిలోమీటర్లకు వచ్చింది. చేతి గడియారం ప్రతి అరగంటకూ మోగుతుంది. మోగగానే, ఆకలున్నా లేకున్నా, జేబులోంచి బెల్లం ముక్క తీస్తాను.