గుంపుగా జీవించే చిన్న చేపల పెంపకం

రంగు చేపల అంగడికి వెళ్ళినవారు తరచుగా జాతికి ఒకటి చొప్పున ఎంచుకొని తెచ్చుకుంటారు. తొట్టి కన్నులపండువుగా ఉంటుంది గాని, గుంపుగా జీవించే చేపకు అది ఒంటరితనమే. ప్రకృతిలో ఈ చిన్న చేపలకు సంఖ్యయే రక్షణ. అనేక చేపలు ఒక్కటై కదులుతున్నప్పుడు వేటాడే జీవికి ఏదో ఒకదానిపై గురి నిలపడం కష్టమవుతుంది. తోడు లేని చేప బెదురుతో మూలకు చేరుతుంది; దాని రంగు వెలుస్తుంది; మేత తగ్గుతుంది. కాబట్టి ఒకే జాతికి చెందిన చేపలను ఆరుకు తగ్గకుండా, వీలైతే ఎనిమిది నుండి పది వరకు పెంచాలి.

నీటికి తగిన చేప

ధర్మపురి జిల్లాలో అనేక చోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ అధికం. అందువల్లనే హొగేనక్కల్ వద్ద కావేరి నీటిని శుద్ధిచేసి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు అందించే పథకం 2013లో ప్రారంభమైంది. నీటిని కాచిన పాత్రలో తెల్లని పొర పేరుకుంటే అది కఠిన జలమని గ్రహించవచ్చు. అమెజాన్ ప్రాంతపు నియాన్ టెట్రాకు సహజంగా మృదు జలమే అనుకూలం. దక్షిణాసియా వాగులలో పుట్టిన జీబ్రా చేప కొంత కాఠిన్యాన్ని ఓర్చుకుంటుంది. క్రొత్తగా పెంచేవారికి అదే తగినది. సుమారు 4 సెంటీమీటర్లు పెరిగే ఈ చేపపై హైదరాబాదులోని సీసీఎంబీలోనూ పరిశోధనలు జరుగుతున్నాయి.

కుళాయి నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలకు హాని చేస్తుంది. వెడల్పాటి పాత్రలో ఒక రోజు నిలువ ఉంచిన తరువాతనే, లేదా క్లోరిన్‌ను తొలగించే మందు కలిపిన తరువాతనే ఆ నీటిని వాడాలి.

తొట్టిని సిద్ధం చేయడం

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టిలో నిండుగా 54 లీటర్లు పడతాయి. ఎనిమిది జీబ్రా చేపలకు ఇది చాలును. అవి ఎగిరిపడతాయి గనుక మూత తప్పనిసరి.

చేపల విసర్జన నుండి అమ్మోనియా అనే విషం పుడుతుంది. ఫిల్టర్‌లో పెరిగే సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైట్‌గా, తరువాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. అవి తగినంతగా పెరగడానికి సుమారు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలను వేయక, రోజూ చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్ నడపాలి. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయినప్పుడే చేపలను తేవాలి. ఆపై వారానికి నాలుగో వంతు నీరు మార్చాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి క్రింద కడగక, తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండాలి. లేకుంటే క్లోరిన్ ఆ సూక్ష్మజీవులను చంపుతుంది.

సహవాసం

శాంత స్వభావం గల చెర్రీ బార్బ్ గుంపు జీబ్రా చేపలతో కలిసి ఉంటుంది. అయితే దానికి మరింత పెద్ద తొట్టి కావాలి. పొడవాటి రెక్కల చేపలను చేర్చకూడదు; జీబ్రా చేపలు ఆ రెక్కలను కొరకవచ్చు. ఎదిగిన ఏంజెల్ చేప నియాన్ టెట్రాలను మ్రింగుతుంది.

పౌర బాధ్యత

పెంచలేని చేపను చెరువులోగాని కావేరిలోగాని విడువరాదు. పాచి తినునని చిన్నగా ఉన్నప్పుడు అమ్మే దక్షిణ అమెరికా సకర్ చేప అడుగుకు మించి పెరుగుతుంది. తొట్టెల నుండి జలాశయాలకు చేరిన ఆ జాతి తెలుగు రాష్ట్రాలలో జాలరుల వలలను చింపుతూ దెయ్యపు చేపగా పేరుపడింది. అక్కరలేని చేపను అంగడికిగాని మరొక పెంపకందారుకుగాని అప్పగించాలి.

అభ్యాసం

1. మీ తొట్టి కొలతలను సెంటీమీటర్లలో గుణించి, 1000తో భాగించి, ఎన్ని లీటర్లు పడతాయో కనుగొనండి.
2. మీ తొట్టిలో ఒంటరిగా ఉన్న చేప ఏది? దానికి తోడు తేవడానికి చోటు ఉన్నదా?