వెనుక ఇరుసు నూనె

చిరంజీవి మేనల్లునికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

పికప్పు కొంటివనియు, తొలి కిరాయి నూజివీటి మామిడికాయలను హైదరాబాదునకు తోలితివనియు మీ అమ్మ చెప్పగా మిగుల సంతసించితిని. అయితే వేగము 60 దాటగానే బండి వెనుకనుండి సన్నని ఊళ వినవచ్చుచున్నదనియు, దారిలో ఎవరో మేస్త్రీ ఇరుసు నూనెను గూర్చి "నైంటీ తీసేసి వన్‌ఫార్టీ కొట్టు, సౌండు పోద్ది" అనెననియు నీవు చెప్పితివే, దానికి ఫోనులో అవుననియో కాదనియో అనివేయుటకు మనసొప్పక ఈ ఉత్తరము మొదలిడితిని.

నీ బండి వెనుక ఇరుసు హౌసింగులో పినియన్, క్రౌను చక్రపు నడిమికి ఎదురుగా గాక, కొంత దిగువగా కూర్చుండి తిరుగును. హైపాయిడ్ అను ఈ అమరిక 1926లో ప్యాకార్డ్ కార్లతో వాడుకకు వచ్చినది. దీనివలన ప్రొపెల్లర్ షాఫ్టు క్రిందికి దిగును, పండ్లు బలిష్ఠములగును. కాని పన్ను పంటిపై దొర్లుటయే గాక, సానపై గంధపుచెక్కవలె ఒరసికొని జారును. బరువుతో ఘాటు రోడ్డెక్కునపుడు ఆ ఒరపిడికి నూనెపొర తుడిచిపెట్టుకొనిపోగా, అప్పుడు పంటిని కాచునది నూనె చిక్కదనము కాదు. అందు కలిపిన గంధక భాస్వర సమ్మేళనములు వేడిమికి ఉక్కుతో కూడి ఏర్పరచు పలుచని పూత, తానరిగిపోవుచు పంటిని నిలుపును. డబ్బా మూత తీయగానే ముక్కులదరగొట్టు కంపు ఆ గంధకముదే. దానికి గంధమునుండి పేరు పుట్టించినవాని హాస్యము మెచ్చదగినదే!

కావున అంకెలకంటె ముందు డబ్బాపై జీఎల్-5 అని ఉన్నదేమో చూడుము. ఈ గంధక భాస్వరపు మందు పాలు తక్కువైన జీఎల్-4 హైపాయిడ్ పండ్లకు చాలదు. అట్లని మిగిలిన జీఎల్-5ను వృథా యేలయని గేరుబాక్సులో పోసెదవేమో. బండితో ఇచ్చిన పుస్తకము ఒప్పుకొననిదే పోయకుము, ఆ మందు సింక్రోనైజరు ఇత్తడి రింగులను తినివేయవచ్చును.

ఇక అంకెలు. 80డబ్ల్యు-90, 85డబ్ల్యు-140 అనువానిలో డబ్ల్యు చలిని గూర్చినది. 85డబ్ల్యు నూనెను సున్నాకు 12 డిగ్రీల దిగువన పరీక్షింతురు. మన లంబసింగి తెల్లవారుజామున సైతము అంత చలి లేదు. మనకు ముఖ్యము రెండవ అంకె: 100 డిగ్రీల వేడిలో 90 నూనె చిక్కదనము కనీసము 13.5 సెంటీస్టోక్సులు, 140ది కనీసము 24. పుస్తకము 140 అన్నచో రెంటచింతల ఎండలో నిశ్చింతగా తిరుగుము. 90 అన్నచో 90యే. అవసరమునకు మించి చిక్కనైన నూనెను చిలుకుటకే కొంత డీజిలు ఖర్చగును.

చిక్కని నూనె ఊళను అణచును, నిజమే. రోగమును అణచదు. ఆటోనగరులో పని నేర్చుకొను దినములలో ఒక మిరపకాయల లారీకి నేనే ఆ వైద్యము చేసి, చప్పుడణగినందుకు మెప్పును, టీ డబ్బులును పుచ్చుకొంటిని. పక్షము తిరుగకుండ పినియన్ బేరింగు పగిలి, పండ్లూడి, లారీ నిండు బరువుతో రోడ్డుపై నిలిచిపోయెను. యజమాని నన్నొక్క మాటయు అనలేదు. బస్తాలను మరియొక లారీకెక్కించుటకు నేనును భుజమిచ్చితిని. ఆ ఘాటు నేటికిని ముక్కున నున్నది.

ఈ ఆదివారము బండిని కొంతదూరము తోలి, నూనె వెచ్చబడిన పిమ్మట మార్చుము. మొదట పైనున్న ఫిల్లర్ నట్టు వదులగునో లేదో చూచుకొనుము. అది బిగిసిపోయి యుండగా క్రింది నట్టు విప్పినవాడు ఖాళీ హౌసింగుతో కదలలేక కూర్చుండును. క్రొత్తది ఆ రంధ్రపు అంచునకు వచ్చువరకు పోయుము. పాతనూనె పాలవలె తెల్లబారియున్నచో నీరు చొచ్చినదని అర్థము. పైనున్న బ్రీదరు మన్నుతో పూడినదేమో కూడ చూడుము. అది మూసికొనిపోయినచో లోని గాలి సీళ్ళను తన్ని, నూనెను బ్రేకు డ్రమ్ములలోనికి నెట్టును.

డ్రెయిన్ నట్టుకు అయస్కాంతమున్నచో దానికంటిన మడ్డిని వ్రేళ్ళ నడుమ నలిపి చూడుము. కాటుకవలె మెత్తగా నున్నచో భయము లేదు. పలుకులు తగిలినచో సోమవారపు కిరాయి మానుకొని, బండిని మెల్లగా నాయొద్దకు తోలుకొనిరమ్ము. క్రౌను విప్పి చూతము.

ఇట్లు,
మీ మామయ్య