కథ నుంచి సినిమాకి: ముళ్ళపూడి వెంకటరమణ

పిల్లలూ! మీరుంటున్న ఐర్లండులో స్లైగో అనే ఊరుంది కదా. అక్కడ పుట్టిన నీల్ జోర్డన్ ముందు కథలు రాశారు. 1976లో ఆయన కథల పుస్తకం వచ్చింది. తర్వాత సినిమాలు రాయడం, తీయడం మొదలుపెట్టారు. 1993లో స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ అందుకున్నారు.

మన తెలుగులోనూ ఇలా కథల నుంచి సినిమాలకి వెళ్ళిన రచయిత ఒకరున్నారు. ఆయనే ముళ్ళపూడి వెంకటరమణ.

రమణగారు 1931లో గోదావరి ఒడ్డున ధవళేశ్వరంలో పుట్టారు. మద్రాసులో చదువుకున్నారు. అక్కడ స్కూల్లో బాపు స్నేహితుడయ్యాడు. ఆ స్నేహం జీవితమంతా నిలిచింది. రమణగారు రాస్తే బాపుగారు బొమ్మలు వేసేవారు.

రమణగారు పత్రికలో పనిచేస్తూ కథలు రాశారు. అప్పులు చేసేవాళ్ళ మీద నవ్వించే కథలు రాశారు. 'బుడుగు' అనే అల్లరి పిల్లాణ్ణి సృష్టించారు. బుడుగు పుస్తకాల భాష మాట్లాడడు. చిన్నపిల్లలు పలికినట్టే, మాటలు అటూ ఇటూ చేసి మాట్లాడతాడు. అందుకే అందరికీ నచ్చాడు.

ఆ చెవే సినిమాల్లో పనికొచ్చింది. 1962లో 'రక్తసంబంధం' సినిమాకి రమణగారు మాటలు రాశారు. 1967లో బాపుగారు మొదటిసారి దర్శకత్వం చేసిన 'సాక్షి'కి కథ రమణగారిదే. అందులో ఒక అమాయకుడు హత్యని కళ్ళారా చూసి, కోర్టులో నిజం చెప్తాడు. హంతకుడు అతన్ని చంపుతానంటాడు. మరి ఊళ్ళోవాళ్ళు తోడు నిలబడతారా? సినిమా అంతా ఈ ప్రశ్న మీదే నడుస్తుంది.

కథలో "అతనికి భయం వేసింది" అని రాస్తే సరిపోతుంది. సినిమాలో ఆ భయం కనబడాలి, వినబడాలి. 1975లో వచ్చిన 'ముత్యాల ముగ్గు'లో కాంట్రాక్టర్ గోదావరి యాసలో మాట్లాడతాడు. అతని మాటలు వింటే చాలు, ఎలాంటివాడో తెలిసిపోతుంది.

రమణగారు 2011లో కన్నుమూశారు.

కొత్త మాటలు
సాక్షి: జరిగింది కళ్ళారా చూసినవాడు
హంతకుడు: మనిషిని చంపినవాడు
యాస: ఒక ప్రాంతం వాళ్ళు మాట్లాడే తీరు

ఆలోచించి చెప్పండి
1. బుడుగు భాష అందరికీ ఎందుకు నచ్చింది?
2. నిజం చెప్పినవాడికి ఊరు తోడు ఉండకపోతే ఏమవుతుంది?

రాయండి
"తాతయ్యకి డబ్లిన్ వానంటే విసుగు." ఇది కథలో వాక్యం. దీన్ని సినిమా మాటగా మారిస్తే:
తాతయ్య: "ఇదేం వానమ్మా, గొడుగు ఆరనివ్వదూ!"
'విసుగు' అనే మాట లేకపోయినా విసుగు తెలిసింది కదా!

ఇప్పుడు మీరు "అమ్మమ్మకి మనవరాలు ఫోన్ చేస్తే సంతోషం" అనే వాక్యాన్ని సినిమా మాటలుగా రాయండి. 'సంతోషం' అనే మాట వాడకూడదు. అమ్మమ్మ మీతో ఎలా మాట్లాడుతుందో, మీరు ఎలా జవాబిస్తారో అలాగే రాయండి. మీ మాటల్లో తప్పులున్నా ఫరవాలేదు. బుడుగు కూడా అలాగే మాట్లాడేవాడు!