పెరటి గాబు దగ్గర నేర్చుకున్నవి

తిరువూరులో మా పెరటి మామిడిచెట్టు కింద సిమెంటు గాబు ఒకటుంది. వేసవిలో చుట్టుపక్కల వాగులూ కుంటలూ ఎండితే పిట్టలకు అదే చెరువు. పదకొండేళ్లుగా పొద్దున్నే దాని ఎదుట కూర్చుంటున్నాను.

1. ముందు లోతు చూసుకోండి. తొలి ఏడాది గాబును అంచుదాకా నింపి, పిట్టలు ఎందుకు దిగడంలేదా అనుకునేవాణ్ణి. రోహిణి కార్తెలో ఓ మధ్యాహ్నం వెళ్లి చూస్తే అందులో ఉడుత తేలుతోంది. నున్నటి గోడ, పాపం ఎక్కలేకపోయింది. అంత కుచ్చుతోకా తడిసి దారంలా అయిపోయింది. ఆ పాపం నాదే. ఆ సాయంత్రమే ఒక మూల నాపరాళ్లు మెట్లుగా పేర్చి, వేపకొమ్మ ఏటవాలుగా ఆనించాను. పై రాతిమీద నీళ్లు రెండు వేళ్ల లోతుకు మించవు. వారం తిరక్కుండానే పిగిలిపిట్టల జంట దిగింది.

2. మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. మన ఎండలకు దోమ గుడ్డు వారం పది రోజుల్లో దోమై లేస్తుంది. గంబూసియా చేపలు వేయమన్నారు కొందరు. అమెరికా నుంచి వచ్చిన ఆ చేపలు కప్పపిల్లల్నీ తినేస్తాయి. వేయలేదు.

3. వచ్చింది ఏ ఊరి పిట్టో తెలుసుకోండి. మెల్‌బోర్న్‌లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలున్నాను. వాళ్ల పెరటి కొలనుకు చీకటిపడ్డాక పోసమ్ వచ్చేది. పిల్లను పొట్టసంచిలో పెంచి, కాస్త ఎదిగాక వీపున మోసుకు తిరుగుతుంది. అలాంటి సంచి జంతువులు మన దేశంలో లేవు. పగలు కూకబురా వాలేది. మన లకుముకిపిట్ట కుటుంబమే, ఒళ్లు మాత్రం భారీ. ఓ రోజు గోరింక కనబడితే, "మన పిట్టే!" అని సంబరపడ్డాను. "దాన్ని ఇక్కడెవరూ ఇష్టపడరు మామయ్యా" అంది కోడలు. పురుగుల్ని తింటుందని 1862లో తెచ్చి వదిలారట. ఇప్పుడది చెట్టుతొర్రలు ఆక్రమించి అక్కడి చిలుకల్ని గూళ్లు పెట్టుకోనివ్వడం లేదు. తప్పు గోరింకది కాదు, తెచ్చినవాళ్లది. తిరిగొచ్చాక మా గాబులో అది రెక్కలు టపటపలాడిస్తూ స్నానం చేస్తుంటే కడుపు నిండింది.

4. గింజలు చల్లి పిలవకండి, నీళ్లుంచి కదలకుండా కూర్చోండి. ముంగిస నన్ను నమ్మడానికి రెండేళ్లు పట్టింది. వెనక్కాళ్లమీద లేచి నావైపు చూస్తుంది, వంగి తాగుతుంది, మళ్లీ లేచి చూస్తుంది. నిన్న వెనకాలే రెండు పిల్లలొచ్చాయి. చిన్నది నాపరాతి మెట్టుమీద జారి, వేపకొమ్మ పట్టుకుని పైకొచ్చింది.