ఇంధన ధరలు, ప్రత్యామ్నాయాలు: బిలాస్‌పూర్ కోణం

ధరల నియంత్రణ ఎత్తివేత: పెట్రోలుకు 2010 జూన్, డీజిల్‌కు 2014 అక్టోబర్. రోజువారీ సవరణ: 2017 జూన్ 16. పరీక్షలో క్రమంలో అమర్చమని అడగొచ్చు.

జీఎస్టీ: రాజ్యాంగంలోని ఆర్టికల్ 279ఏ(5). జీఎస్టీ విధించే తేదీని కౌన్సిల్ సిఫార్సు చేయాల్సినవి ఐదు: ముడిచమురు, పెట్రోలు, హైస్పీడ్ డీజిల్, సహజవాయువు, విమాన ఇంధనం. వంటగ్యాస్ వీటిలో లేదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): ఆగ్నేయ మధ్య రైల్వే (2003) ప్రధాన కేంద్రం. ఆగ్నేయ రైల్వేది కోల్‌కతా, కలపొద్దు. బొగ్గు సంస్థ ఎస్‌ఈసీఎల్ కేంద్రమూ బిలాస్‌పూరే. జిల్లాలోని సీపత్ ఎన్టీపీసీ: 2,980 మెగావాట్లు (660×3, 500×2), బొగ్గు ఆధారితం.

సౌరం: భిలాయిలో రైల్వే ప్లాంటు, 50 మెగావాట్లు, 2024 ఫిబ్రవరి. రైల్వే నెట్ జీరో లక్ష్యం 2030.

జీవ ఇంధన విధానం 2018. పెట్రోలులో 20% ఇథనాల్ కలిపే గడువు 2030 నుంచి 2025-26కు జరిపింది 2022 సవరణ. పరీక్షలో రావచ్చు.