అంకెకు మానము, అమరికకు రకము

శ్రుతి కలుపుకొనక కచేరి ప్రారంభించు విద్వాంసుడుండడు. గాయకుడు, వయొలిన్ విద్వాంసుడు, మృదంగ విద్వాంసుడు ముందుగా ఒక ఆధార షడ్జమునకు ఒప్పుకొందురు, తాళమేదియో తెలిసికొందురు. అటుపిమ్మట పాట నడుమ ఎవ్వరును ఎవ్వరిని "మీ శ్రుతి యేది?" అని అడుగరు. సారంగపాణి పదములకును, గోవిందసామయ్య వర్ణములకును ఆశ్రయమైన సంస్థానము మా కార్వేటినగరము. కాన కంప్యూటరు విషయమును చెప్పబూనినను మాకు మొదట తోచిన పోలిక ఇదియే. తెలుగు బోధించువారికి ఈ విషయముతో నేమి పని యని విద్యార్థులు నవ్వవచ్చును. ఆ పని మాకెట్లు తగిలినదో త్వరలోనే చెప్పెదము.

వెబ్ పేజీ సాధారణముగా జాబు వంటిది. బ్రౌజరు అడుగును, సర్వరు బదులిచ్చును, అంతటితో ఆ పని ముగియును. 2011 డిసెంబరులో ఆర్.ఎఫ్.సి. 6455 అను ప్రమాణపత్రముగా వెలువడిన వెబ్‌సాకెట్ పద్ధతి ఇట్టిది కాదు. మొదట ఒక్కసారి బ్రౌజరు "ఈ దారిని సంభాషణకు మార్చుకొందమా?" అని అడుగును. సర్వరు అంగీకరించినచో 101 అను సంఖ్యతో బదులిచ్చును. ఆ మీదట దారి తెరచియే యుండును. ఇరువైపులవారును ఎప్పుడు కావలసిన అప్పుడు మాట పంపవచ్చును. శ్రుతి కలుపుట యనగా ఇదియే.

అయితే తెరచిన దారి ఇంకను తెరచియున్నదా, నడుమ ఎక్కడనో తెగినదా? నిశ్శబ్దమును బట్టి తెలియదు. అందుచేత ఒకరు "ఉన్నావా?" అని నిర్ణీత కాలమునకొకసారి పలుకరింతురు, రెండవవారు "ఉన్నాను" అనవలెను. ఎంత కాలమునకొకసారి పలుకరించుట, బదులుకై ఎంతసేపు వేచియుండుట, ఎంత పెద్ద మాటను అనుమతించుట, తెగినచో ఎన్నిసార్లు మరల ప్రయత్నించుట అను నిర్ణయములనే అమరికలందురు. ఈ పనికి పలువురు వాడు సాకెట్.ఐఓ అను ప్రోగ్రాముల సంపుటి నాలుగవ రూపములో, మనమేమియు చెప్పనియెడల, పలకరింపు 25000 మిల్లీసెకండ్లకొకసారి జరుగును. బదులుకు గడువు 20000 మిల్లీసెకండ్లు. మిల్లీసెకండనగా సెకండులో వెయ్యవ వంతు.

పరీక్షలకు ముందు మా విద్యార్థులు కొందరు ఈ సంపుటి సహాయముతో ఒక సందేహ నివృత్తి ఏర్పాటును తయారుచేసిరి. సెలవులకు ఊళ్లకు పోయినవారు ఫోనులో ప్రశ్న వ్రాసినచో, మేము కళాశాలలో కూర్చుండి బదులు వ్రాయవలెను. ప్రయోగశాలలో పదిమంది పరీక్షించి చూచిరి, చక్కగా నడచినది. ఆ రాత్రి ఛందస్సుపై ప్రశ్నలు విరివిగా వచ్చినవి. కార్వేటినగరము చేరువ పల్లెనుండి ఒక బాలిక వరుసగా నాలుగు ప్రశ్నలు పంపినది. నాలుగింటికిని వివరముగా బదులు వ్రాసితిమి. అయిదవ ప్రశ్న రాలేదు. తృప్తిపడినది కాబోలుననుకొంటిమి.

పరీక్షనాడు ఆమె మాతో అన్నమాట ఇది: "హాస్టల్లో వాళ్లకంతా చెప్పినారంట సార్, నాకు మాత్రం ఒక్కదానికీ చెప్పలేదు. మళ్లా అడిగేదానికి సిగ్గయింది."

విచారించి చూడగా విద్యార్థులు అమరికల పత్రములో పలకరింపునకు 25 అనియు, గడువునకు 20 అనియు వ్రాసియుండిరి. వారి మనసులోనున్నవి సెకండ్లు. యంత్రము గ్రహించినవి మిల్లీసెకండ్లు. ప్రయోగశాలలో కంప్యూటర్లన్నియు ఒకే తీగపై నున్నందున బదులు రెండు మూడు మిల్లీసెకండ్లలోనే చేరెను. హాస్టలువారిది కూడ ఆ తీగయే. పల్లెలోని ఫోనునుండి మాట పోయి వచ్చుటకు అంతకెన్నో రెట్లు కాలము పట్టును. కాన ఆమెకు దారి తెరచుకొనుట, తెగుట, మరల తెరచుకొనుట అదేపనిగా జరిగినది. ఇందులో మరియొక సూక్ష్మము కలదు. దారి తెగియున్నప్పుడు ఫోనువైపున పంపిన మాటను ఈ సంపుటి దాచియుంచి, తిరిగి కలిసిన వెంటనే పంపును. సర్వరు పంపిన మాటను మాత్రము, మనము వేరుగా ఏర్పాటు చేసిననే తప్ప, దాచదు. అందువలన ఆమె ప్రశ్నలన్నియు మాకు చేరినవి. మా సమాధానములు ఆమెకు చేరలేదు. నిర్లక్ష్యము చేసితిమని ఆ పిల్ల నమ్ముటకు ఇంతకంటె బలమైన సాక్ష్యమేమి కావలెను?

ఇట్టి తప్పులు ముందే బయటపడునట్లు చేయుటకే రకనిర్ణయము. 2012లో మైక్రోసాఫ్ట్ సంస్థ వెలువరించిన టైప్‌స్క్రిప్ట్ అను భాషలో ఏ అమరికకు ఏ రకపు విలువ చెల్లునో ముందుగా ప్రకటింపవచ్చును. పలకరింపు కాలమునకు అంకె; మరల కలియవలెనా అనుదానికి అవును లేక కాదు; ఏ మార్గమున పోవలెననుదానికి పోలింగ్, వెబ్‌సాకెట్ వంటి కొన్ని మాటలు మాత్రమే. మన ఛందస్సు చేయునదియు ఇదియే. ఉత్పలమాల అనగానే భ ర న భ భ ర వ గణములు, 20 అక్షరములు, పదవ అక్షరమున యతి, ప్రాస నియమము. పద్యమును సభలో చదువుటకు ముందే గణవిభజన చేసి లోపము పట్టవచ్చును. ఉర్దూ గజలునకు బహరు తూచు మిత్రులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

రకనిర్ణయమువలన కలుగు మేలు తక్కువది కాదు. అమరిక పేరులో ఒక అక్షరము తప్పినచో పాత పద్ధతిలో యంత్రము ఏమియు అనక దానిని విడిచిపెట్టును. టైప్‌స్క్రిప్ట్ "ఇట్టి పేరు లేదు" అని వ్రాయునప్పుడే ఆపును. అమరికలను వేరొక పేరున కట్టి తరువాత అందించినచో ఈ పరీక్ష కొంత సడలును. విద్యార్థులు దీనిని గుర్తుంచుకొనవలెను.

కాని యతిప్రాసలు కుదిరిన పద్యమెల్ల మంచి పద్యము కాదు గదా! గణము అక్షరముల తూకమును చూచును, అర్థమును చూడదు. 25 అంకెయే, 25000 అంకెయే. అంకె అను రకము రెండింటిని ఒకేవిధముగా లోనికి రానిచ్చును. మా విద్యార్థుల ప్రోగ్రాము మొదటినుండియు టైప్‌స్క్రిప్టులోనే వ్రాయబడినదని చెప్పిన పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. ఇది పిల్లల తప్పు మాత్రమే యని తోసివేయరాదు. 1999 సెప్టెంబరులో అమెరికా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుని చేరియు నష్టమైనది. ఒక పక్షపు ప్రోగ్రాము పౌండ్ల లెక్కలో ఇచ్చిన విలువలను మరియొక పక్షమువారు న్యూటన్ల లెక్కగా గ్రహించుటయే అందుకు మూలము. అంకెలు ఉన్నవి, వాటి మానము చెప్పబడలేదు.

కావున రకమును ఇంకను సన్నము చేయవలెను. మా విద్యార్థులు ఇప్పుడు మిల్లీసెకండ్లు అను ప్రత్యేక రకమును ఏర్పరచిరి. వట్టి అంకె అందు చెల్లదు. సెకండ్లు 25 అని చెప్పిననే యంత్రము దానిని 25000గా మార్చి స్వీకరించును.

ఇంతటితోను పని తీరలేదు. టైప్‌స్క్రిప్టు రకములు వ్రాయునప్పటి కాపలా మాత్రమే. ప్రోగ్రాము నడచు వేళకు అవి తుడిచివేయబడును. బయటి పత్రమునుండి చదివిన విలువలన్నియు అక్షరములుగానే వచ్చును. ఆ పత్రములో "కాదు" అను అర్థమున ఫాల్స్ అని వ్రాసినను, ఖాళీ కాని ఏ మాటనైనను ఆ భాష "అవును"గానే ఎంచును! వద్దని వ్రాసినది కావలెనని అగును. మాకు ఇందులో మిక్కిలి వింతగా తోచినది ఇదియే. అందుచేత ప్రోగ్రాము మొదలగునప్పుడే ప్రతి విలువను మరల పరీక్షించి, గడువు అయిదు సెకండ్లకు తగ్గినచో నడువకుండునట్లు కట్టడి చేసిరి. సమాధానములకు వరుస సంఖ్యలు వేసి, తిరిగి కలిసిన ఫోను తాను చివర చదివిన సంఖ్యను చెప్పగానే మిగిలినవానిని పంపునట్లును ఏర్పరచిరి.

ఇటీవల క్రొత్తగా చేరిన విద్యార్థి యొకడు ఆ పత్రములో మరల 20 అని వ్రాసి వదలెను. ప్రోగ్రాము కదలలేదు. "గడువు సెకండ్లా, మిల్లీసెకండ్లా?" అని తెరపై వచ్చినది. ఆ ఒక్క వాక్యము మేము వ్రాసి యిచ్చినది.